రాతి ముందు చరిత్ర పాఠము

ఆదివారము ఉదయమున ఆబిడ్సు కూడలికి పోయినవారికి అక్కడి కాలిబాటలు మరియొక రూపమున కనిపించును. తక్కిన దినములలో బట్టల బేరమునకు, చెప్పుల బేరమునకు చెల్లిన ఆ స్థలము ఆనాడు పాత పుస్తకములకు చెల్లును. మూసిన దుకాణముల ముందు పట్టాలు పరచి, వాని మీద గుట్టలుగా పోసిన పుస్తకములలో వైద్య విద్యార్థికి వలసిన లావుపాటి గ్రంథమును ఉండును. అట్ట యూడిన అపరాధ పరిశోధక నవలయు ఉండును. ఓపికతో వంగి వెదకినవారికి ఒక్కొక్కప్పుడు బడిపిల్లల పాత చరిత్ర వాచకములు చేతికి తగులును.

వేర్వేరు దశాబ్దములలో అచ్చయిన అటువంటి వాచకములను రెండు మూడింటిని పక్కపక్కన పెట్టి చూచిన ఉపాధ్యాయునకు ఒక సంగతి వెంటనే తట్టును. భూమి అదే, నదులు అవే, ఓరుగల్లు కోటయు గోలకొండయు ఉన్నచోటనే ఉన్నవి. కాని ‘మన రాష్ట్రము’ అను మాటకు అర్థము మాటిమాటికి మారినది. 1948 సెప్టెంబరు 17 వరకు ఇది ఆసఫ్‌జాహీల రాజ్యము. 1956 నవంబరు 1 న హైదరాబాదు రాష్ట్రము మూడు తునుకలై, తెలుగు జిల్లాలు ఆంధ్రప్రదేశ్‌లోను, మరాఠీ జిల్లాలు బొంబాయి రాష్ట్రములోను, కన్నడ జిల్లాలు మైసూరు రాష్ట్రములోను చేరినవి. 2014 జూన్ 2 న తెలంగాణ రాష్ట్రము ఏర్పడినది. ప్రతి మార్పుతోను రాష్ట్ర చరిత్ర వాచకమును తిరుగ వ్రాయవలసి వచ్చినది. ఒక వాచకమున నాలుగు పుటలు పొందిన రాజు మరియొకదానిలో నాలుగు పంక్తులకు దిగవచ్చును. ఒకదానిలో పేరైనను లేని పల్లె మరియొకదానిలో శీర్షిక కెక్కవచ్చును.

ఇందు దోషమేమియు లేదు. ఏ తరము వారైనను తమకు పుట్టిన ప్రశ్నలతోనే గతమును చూతురు. అయితే బల్ల మీద కూర్చున్న పదునాలుగేండ్ల పిల్లవాని గతి యేమి? ‘‘అయ్యగారూ, అన్నయ్య చదివిన పుస్తకములో ఒక తీరున ఉన్నది, నా పుస్తకములో వేరొక తీరున ఉన్నది. ఏది నిజమండీ?’’ అని వాడు లేచి అడిగినచో, ‘‘పరీక్షకు నీ పుస్తకమే చదువు’’ అని కూర్చుండబెట్టుట సులభము. చాల తరగతులలో జరుగుచున్నది అదియే. కాని వాని ప్రశ్నకు జవాబు ఆ రెండు పుస్తకములలో ఎందులోను దొరకదు. ఆ పుస్తకములు వ్రాసినవారు దేనిని చూచి వ్రాసినారో, దానిని వాని కంటికి కూడ ఒకసారి చూపవలెను.

ఈ పద్ధతి నిన్న మొన్న పుట్టినది కాదు. అమెరికాలో మేరీ షెల్డన్ బార్న్స్ అను విదుషి 1885 లోనే మూలపత్రముల భాగములను చేర్చి, వాని క్రింద ప్రశ్నలు పెట్టి పాఠ్యగ్రంథము ప్రకటించినది. ఆక్స్‌ఫర్డులో ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చిన కీటింజి 1910 లో చరిత్ర బోధనను గూర్చి వ్రాసిన పుస్తకమున దీనినే గట్టిగా సమర్థించినాడు. మన దేశమున 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రము తరువాత ఎన్‌సీఈఆర్‌టీ వెలువరించిన పండ్రెండవ తరగతి చరిత్ర పుస్తకములలో శాసనములు, ప్రయాణికుల వ్రాతలు, సర్కారు కాగితములు పుటపుటను గళ్ళు కట్టి కనిపించును. పుస్తకములో గడి ఉన్నది. తరగతిలో దానిని చదువుటకు తీరిక ఉన్నదా యనునదే సందేహము.

తెలుగు పిల్లలకు ఈ పాఠము చెప్పుటకు రాణి రుద్రమదేవి కంటె మంచి ఉదాహరణము లేదు. ఆమె పేరు వినని పిల్లలు లేరు. ఆమె ఎప్పుడు మరణించినది? పాత చరిత్ర గ్రంథములు చాలవరకు 1295 అనియో 1296 అనియో చెప్పినవి. ఆబిడ్సు కాలిబాట మీద దొరకు పాత వాచకమున ఆ సంవత్సరమే కనిపించిన ఆశ్చర్యపడ నక్కర లేదు. నల్లగొండ జిల్లాలో నకిరేకల్లు దాపున చందుపట్ల యను పల్లె ఉన్నది. అక్కడి రాతి శాసనము వెలుగులోనికి వచ్చిన పిమ్మట ఆ లెక్క తలక్రిందులైనది. పువ్వుల ముమ్మడి యనునతడు, కాకతి రుద్రమదేవియు మల్లికార్జున నాయకుడును శివలోకమునకు పోయినందున వారికి పుణ్యముగా దేవునికి భూమి నిచ్చినట్లు ఆ రాయి చెప్పును. కాలము శక వర్షము 1211, విరోధి సంవత్సరము, మార్గశిర శుద్ధ ద్వాదశి. చరిత్రకారులు దీనిని 1289 నవంబరు 27 గా లెక్క కట్టినారు.

ఇక్కడ ఉపాధ్యాయుడు తొందరపడి తేదీని నల్లబల్ల మీద వ్రాయకూడదు. పిల్లలచేతనే లెక్క చేయింపవలెను. శక వర్షమునకు 78 కలిపిన క్రీస్తు శకము వచ్చునని ఒక మాట చెప్పిన చాలును. 1211 కు 78 కలిపిన 1289 అని వారే అరచెదరు. అంతటితో ఆపనక్కర లేదు. సంవత్సరముల పేర్లు అరువది ఏండ్లకొకసారి తిరిగి వచ్చును. 2009 ఉగాదితో మొదలైనది విరోధి నామ సంవత్సరమే. 2009 నుండి 1289 తీసివేసిన 720. అరువదిని పండ్రెండుసార్లు వేసినచో అంతే. శిల్పి చెక్కిన అంకెయు, ఆతడు చెక్కిన సంవత్సర నామమును ఒకదానికొకటి సాక్ష్యము పలికినవి. సాక్ష్యమును పరీక్షించుట యనగా నేమో గణితము పీరియడులో కూడ చెప్పవచ్చునని దీనివలన తేలును!

తరువాతి ప్రశ్న కొంచెము కఠినము. రుద్రమదేవి యుద్ధభూమిలో మరణించినదని ఇప్పటి పుస్తకములు చెప్పుచున్నవి. రాయి ఆ మాట చెప్పినదా? లేదు. ఆమెయు, ఆమె సేనాని యైన మల్లికార్జున నాయకుడును శివలోకమునకు పోయిరని మాత్రమే చెప్పినది. ఆ కాలమున కాయస్థ అంబదేవుడు కాకతీయులపై తిరుగబడి యుండెను. 1290 నాటి త్రిపురాంతక శాసనమున ఆతడు తన విజయములను బిరుదులతో సహా వరుసగా చెప్పుకొన్నాడు. రాణియు సేనానియు ఒక్క మాటున మరణించుట, శత్రువు విజయగర్వముతో శాసనము వేయించుట—ఈ రెండింటిని కలిపి చరిత్రకారులు చేసిన ఊహ అది. బలమైన ఊహయే, అయినను ఊహ. రాయి చెప్పిన దెంత, మనము చేర్చుకొన్న దెంత అని గీత గీయగలిగిన పిల్లవాడు ఆ దినమున చరిత్రలో మంచి మార్కులు తెచ్చుకొన్నట్లే.

ఇక మార్కో పోలో సంగతి. వెనిసు నగర వర్తకుడైన ఆతడు 1290 ల మొదట మన తూర్పు తీరమును గూర్చి విని వ్రాసిన వృత్తాంతమున ముత్ఫిలి రాజ్యము వచ్చును. అది మోటుపల్లి యని పండితులు గుర్తించినారు. అక్కడ రాజు మరణించి నలువది ఏండ్లయినదనియు, అతని రాణి భర్త మీది ప్రేమచేత మరల వివాహమాడక న్యాయముతో రాజ్యమేలుచున్నదనియు ఆతడు చెప్పినాడు. ఈ వృత్తాంతము చూచి రుద్రమను గణపతిదేవుని భార్య యనుకొన్నవారును ఒకప్పుడు లేకపోలేదు. అయితే అమరావతి ప్రాంతమున మల్కాపురము శాసనము నిలిచి యున్నది. శక వర్షము 1183, దుర్మతి, అనగా 1261. గణపతిదేవుడు ఇచ్చెదనన్న మందడము గ్రామమును, దానితోపాటు వెలగపూడిని, ఆతని కుమార్తె రుద్రమదేవి విశ్వేశ్వర శంభువను శైవాచార్యునకు ఇచ్చినట్లు అందు ఉన్నది. కుమార్తె యని శాసనము, భార్య యని యాత్రికుడు! పిల్లలు ఎవరిని నమ్మవలెను? ఎవరు దగ్గర నుండిరి, ఎవరు విని వ్రాసిరి, ఎవరికి అబద్ధమాడవలసిన అవసరము ఉండెను—ఈ మూడు ప్రశ్నలు అడిగినచో పండ్రెండేండ్ల పిల్లకైనను సమాధానము తోచును. అయినను మార్కో పోలోను బుట్టదాఖలు చేయరాదు. తెలుగు దేశమును ఒక స్త్రీ సమర్థతతో ఏలినదను వార్త సముద్రము మీద పోవు విదేశి వర్తకుని చెవిదాక పోయినదని ఆతని వ్రాత వలననే కదా తెలియుచున్నది. వివరమున తప్పిన సాక్షి మరియొక విషయమున పనికివచ్చును.

మల్కాపురము రాతిలో ఇంకను రెండు విశేషములు ఉన్నవి. ఆ గ్రామముల రాబడి నుండి ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, విద్యకు భాగములు ఏర్పాటైనవి. ఏడువందల యేండ్ల నాటి గ్రామీణ వ్యయపట్టికను ఇంత తేటగా చూపు ఆధారములు అరుదు. రెండవది నేటివారికి చమత్కారముగా తోచును. ఆ మందడము, ఆ వెలగపూడి ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ రాజధాని ప్రాంతమున ఉన్నవి. ఆ రాష్ట్ర సచివాలయము వెలగపూడిలోనే 2016 నుండి పనిచేయుచున్నది. ఓరుగల్లు సింహాసనము నుండి వెలువడిన దానము కృష్ణ ఒడ్డున చెల్లినది. దీనిని ఏ రాష్ట్రపు చరిత్ర వాచకమున చేర్చవలెను? ఈ ప్రశ్నను పిల్లల ముందు ఉంచి ఉపాధ్యాయుడు కొంతసేపు ఊరకుండుట మేలు.

రుద్రమ కథను గది గోడల మధ్య చెప్పవచ్చును. కాని నగరమున నుండువారికి ఇంకొక సౌకర్యము ఉన్నది. ఆబిడ్సు నుండి నాంపల్లి వరకు నడిచి పోదగిన దూరము. ఆ నడకనే పాఠముగా చేయవచ్చును. ఆబిడ్సు అను పేరు ఎక్కడిది? ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను కొలువులో నుండిన ఆల్బర్ట్ ఆబిద్ అను అర్మీనియా జాతీయుడు పెట్టిన దుకాణము వలన వచ్చినది. దుకాణము పోయినది, పేరు కూడలికి మిగిలినది. సమీపముననే గన్‌ఫౌండ్రీ. ఫ్రెంచి సేనాని రేమండు 1786 లో ఫిరంగులు పోతపోయించిన చోటు గనుక ఆ పేరు. పాతవారు దానిని తోప్ కా సాంచా అందురు. నాంపల్లి పేరునకు కుతుబ్‌షాహీల కాలమున నేక్‌నామ్‌ఖాను అను అధికారి పేరు మూలమని చెప్పుదురు. ఇక్కడ పిల్లలు గమనింపవలసిన తేడా ఒకటి ఉన్నది. మొదటి రెండింటికి ఆధారము గట్టిది, మూడవది జనశ్రుతి. జనశ్రుతి అసత్యమని కాదు, దానికి ఇంకను సాక్షి కావలెనని అర్థము.

నిజాము ప్రభుత్వము 1914 లో పురావస్తు శాఖను నెలకొల్పి గులాం యజ్దానీని అధిపతిగా నియమించినది. తరువాతి కాలమున ఆ శాఖ కార్యాలయము గన్‌ఫౌండ్రీ వాడనే చిరునామాగా చేసికొన్నది. ఆ శాఖ వెలువరించిన గ్రంథమాలలో డాక్టరు పి. శ్రీనివాసాచార్యులు కూర్చిన తెలంగాణ శాసనముల సంపుటములు నేటికిని పరిశోధకులకు దిక్కు. ఆ శాఖలోనే పనిచేసిన పి.వి. పరబ్రహ్మశాస్త్రి బయ్యారము చెరువు శాసనము వంటివానిని చదివి కాకతీయుల వంశక్రమమునకు కొత్త వెలుగు నిచ్చినాడు. గణపతిదేవుని సోదరి మైలమాంబ త్రవ్వించిన చెరువు గట్టున నిలిచిన రాయి, రాజవంశపు పూర్వులను వరుసగా చెప్పినది. ఆయన గ్రంథము 1978 లో వెలువడినది. చెరువు త్రవ్వించిన పుణ్యముతోపాటు పుట్టింటివారి వంశావళిని కూడ నిలిపిన ఆ ఇల్లాలికి చరిత్రకారులు ఎంత ఋణపడి యున్నారో!

నాంపల్లి పబ్లిక్ గార్డెన్సులోని మ్యూజియము 1930 నుండి ఉన్నది. బడిపిల్లల గుంపు లోపలికి పోగానే ఎటు పరుగెత్తునో అక్కడి కాపలాదారులకు బాగుగా తెలియును—ఈజిప్టు మమ్మీ వద్దకు. రెండువేల యేండ్లకు మించిన ఆ రాకుమారి దేహమును చూచుటకు ఎగబడిన పిల్లలు, మన నేల మీద దొరకిన శిల్పములను నాణెములను నడకలోనే దాటిపోవుదురు. తప్పు వారిది కాదు. వారి చేతికి ఒక ప్రశ్న ఇచ్చి పంపినవారు లేరు. ఇరువదిమందికి ఇరువది ప్రశ్నలు వ్రాసి యిచ్చి, ‘‘ఈ నాణెముపై ఉన్న లిపి ఏది? రాజు పేరు ఉన్నదా, ఊరి పేరు ఉన్నదా? ఎంత అరిగినది? అరిగినదనగా దానిని ఎంతమంది వాడియుందురు?’’ అని అడిగి చూచినచో, మమ్మీ గది కొంతసేపు ఖాళీగా నుండును. నాణెము అరుగుదలను చూచి బజారును ఊహించు పిల్లవానికి కుతుబ్‌షాహీల కాలము వట్టి పేర్ల పట్టికగా మిగిలిపోదు.

ఈ నేల మీద మూలాధారముల కొరకు తిరిగినవారిలో బడిపంతుళ్ళే ముందుండిరను మాట నేటి ఉపాధ్యాయులు మరువరానిది. తెలుగు పండితుడుగా జీవించిన ఆదిరాజు వీరభద్రరావు, కొమఱ్ఱాజు లక్ష్మణరావు పేరిట వెలసిన పరిశోధక మండలికి ప్రాణమై, మిత్రులతో కలిసి పల్లెపల్లెల శాసనములకు ప్రతులు సేకరించినాడు. ఆ మండలి 1935 లో తెలంగాణ శాసనముల సంపుటమును వెలువరించినది. ఉర్దూ పాలనాభాషగా నున్న రాజ్యములో తెలుగు రాతలకు ఉనికి ఉన్నదని చూపుటకు ఆనాటివారు ఎంచుకొన్న మార్గమది. ఆబిడ్సు ప్రాంతపు రెడ్డి హాస్టలు వ్యవహారములు చూచిన సురవరం ప్రతాపరెడ్డి కూడ ఆ బాటనే నడిచినాడు. నిజాము రాష్ట్రమున తెలుగు కవులు లేరని ఒకరు వ్రాసినప్పుడు, ఆయన కోపముతో వ్యాసము వ్రాసి ఊరకుండలేదు. 354 మంది కవుల పద్యములను జీవిత వివరములను సేకరించి 1934 లో గోలకొండ కవుల సంచికను ప్రకటించినాడు. వాదమునకు ఆధారమే సమాధానమని దీనికంటె బాగుగా చెప్పిన పాఠము మన సాహిత్యమున అరుదు. తరువాత 1949 లో వచ్చిన ఆయన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ కావ్యములను, సామెతలను, ఆటపాటలను సాక్షులుగా పిలిచినది. 1955 లో తెలుగునకు తొలి సాహిత్య అకాడమీ బహుమానము తెచ్చినది. రాజుల తేదీలు మాత్రమే చరిత్ర యనుకొను ఉపాధ్యాయుడు ఆ పుస్తకమును ఒకసారి తిరుగవేసిన బాగుండును.

శాసనములనైన తెలుగు పిల్లలు కూడబలుకుకొని కొంత చదువగలరు. రాజ్యపు కాగితముల విషయము వేరు. తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారమున నున్న లక్షల పత్రములలో అధికభాగము పారసీకము, ఉర్దూ. షాజహాను, ఔరంగజేబుల కాలపు దక్కను పాలనా పత్రములు లక్షన్నరకు మించి అక్కడ ఉన్నవి. ఆ గొలుసుకట్టు లిపిని చదువగలవారు నానాటికి తగ్గుచున్నారు. తెలుగు ఉపాధ్యాయుడు అనువాదముల మీద ఆధారపడక తప్పదు. అనువాదము కూడ ఒకరి చేతి పనియే గనుక దానిని కూడ ప్రశ్నింపవలెనని పిల్లలకు చెప్పకయు తప్పదు. 1950 లో దఫ్తరె దీవానీ పక్షమున యూసుఫ్ హుసేన్‌ఖాను షాజహాను కాలపు పత్రములను ఏర్చి కూర్చి అచ్చువేయించినాడు. ఇటువంటి సంపుటములు తెలుగున బడిపిల్లలకు అందునట్లు వచ్చినవి మిక్కిలి తక్కువ. రాష్ట్రము పేరు మారినప్పుడెల్ల వాచకము మార్చుటకు దొరకిన ధనము, ఈ పనికి ఏల దొరకదో తెలియదు.

అభిలేఖాగారము దూరమనుకొన్నవారికి ఇంటి ట్రంకుపెట్టె దగ్గర ఉన్నది. తెలంగాణ పల్లెల నుండి వచ్చి నగరమున చదువుకొను పిల్లల ఇండ్లలో తాతనాటి పాత పహాణీ నకలులు, పట్టా కాగితములు, శిస్తు రసీదులు ఇప్పటికిని దొరకును. వానిలో చాలవరకు ఉర్దూలో ఉండును. 1954–55 నాటి ఖాస్రా పహాణీ అను లెక్క పుస్తకమున ఏ సర్వే నంబరులో ఎవరు పట్టాదారు, ఎవరు సాగు చేయుచుండిరి యనునది వ్రాసియున్నది. నేటికిని భూమి తగాదాలలో వకీళ్ళు మొదట అడుగునది దానినే. పట్టాదారు గడిలో ఒక పేరు, సాగుదారు గడిలో మరియొక పేరు ఉన్న కాగితమును తరగతిలో ఉంచి, ‘‘ఈ ఇద్దరిలో భూమి ఎవరిది?’’ అని అడిగినచో, జాగీర్దారీ విధానము, కౌలుదారీ చట్టము, రైతాంగ పోరాటము—మూడు అధ్యాయములు ఆ రెండు గళ్ళ నడుమ నుండి లేచి వచ్చును. అయితే ఒక జాగ్రత్త కావలెను. ఆ కాగితము ఒక కుటుంబపు ఆస్తి. పేర్లు కప్పి, పెద్దల అనుమతితో మాత్రమే తరగతికి తేవలెను. ఊరి కక్షలను బల్లల మీదికి తెచ్చుట ఉపాధ్యాయుని పని కాదు.

ఉపాధ్యాయుని గుండె జంకు చోటు ఇంకొకటి ఉన్నది. అది 1948. ఆ ఏడాదిని ఒకరు విమోచనమందురు, ఒకరు విలీనమందురు, ఒకరు ఆక్రమణమందురు. పదమును ఎన్నుకొనుటతోనే పక్షము తేలిపోవును. చాలమంది ఆ పాఠమును గబగబ చదివించి ముందుకు పోవుదురు. సాక్షులు మాత్రము కొల్లలుగా ఉన్నారు. నిజాము కడపటి ప్రధానమంత్రి లాయక్ అలీ తన కథను వ్రాసినాడు. భారత ప్రభుత్వ ప్రతినిధిగా హైదరాబాదులో నుండిన కె.ఎం. మున్షీ తన కథను వ్రాసినాడు. స్టేట్ కాంగ్రెసు నాయకుడు స్వామి రామానంద తీర్థ, కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య తమ తమ గ్రంథములు వ్రాసినారు. ఒకే నెలలోని సంఘటనలను ఈ నలుగురి వ్రాతలలో పక్కపక్కన చదివిన విద్యార్థి మొదట తికమక పడును. ఆ తికమకను చూచి ఉపాధ్యాయుడు భయపడరాదు.

ఆ నలుగురు చెప్పనివారును ఉన్నారు. రజాకార్ల చేత కాల్చబడిన పల్లెలు ఉన్నవి. సైనిక చర్య తరువాత కొన్ని జిల్లాలలో ముస్లిములపై జరిగిన హత్యాకాండ ఉన్నది. దానిని విచారించుటకు పోయిన పండిట్ సుందర్‌లాల్ సంఘము ఆ ఏడాది చివర జిల్లాలు తిరిగి నివేదిక ఇచ్చినది. మృతులు 27 వేల నుండి 40 వేల దాక ఉందురని అంచనా వేసినది. ఆ నివేదికను ప్రభుత్వము దశాబ్దముల పాటు బయటపెట్టలేదు. 2013 లో గాని చదువరులకు అది అందుబాటులోనికి రాలేదు. అందులోని సంఖ్యను గూర్చి వాదించువారు వాదింపవచ్చును. కాని ఒక పత్రము అరువది ఏండ్లకు పైగా బీరువాలో ఎందుకుండెనో విద్యార్థి అడిగిన ప్రశ్నకు, ఆ పత్రములోని సంఖ్య కంటె తక్కువ విలువ లేదు. మూసిన బీరువా కూడ ఒక సాక్షియే.

ఆడువారి మాట కొరకు వెదకినవారికి స్త్రీశక్తి సంఘటన వారు 1986 లో వెలువరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ ఉన్నది. తెలంగాణ సాయుధ పోరాటమున పాల్గొన్న స్త్రీలను కలిసి, వారి నోటి మాటలను వ్రాసికొన్న గ్రంథమది. తుపాకులు దాచినవారు, అన్నము మోసినవారు, పోరాటము ముగిసిన తరువాత ‘ఇంటికి పొండి’ అనిపించుకొన్నవారు అందులో మాటలాడుదురు. నాయకుల ఆత్మకథలలో ఒక్క పంక్తికి నోచుకోనివారికి ఇక్కడ పుటలు ఉన్నవి. జ్ఞాపకము తేదీలను తారుమారు చేయును. నొప్పిని మాత్రము చెరపదు. రెండింటిని వేరుచేసి చదువుట పెద్ద తరగతుల పిల్లలకు నేర్పదగిన విద్య. ఆనాటివారు ఇప్పుడు వ్రేళ్ళ మీద లెక్కింపదగినంతమంది కూడ మిగిలి యుండరు. ఇంట ఎనుబది దాటిన నాయనమ్మ యున్న పిల్లవాడు ఈ సెలవులలోనే ఆమె ప్రక్కన కూర్చుండుట మంచిది.

ఇంత చెప్పినను నలువదియైదు నిమిషముల పీరియడు, అరువదిమంది పిల్లలు, మార్చి నాటికి ముగింపవలసిన సిలబస్సు—ఇవి ఉపాధ్యాయుని ఎదుట నిలిచియే యుండును. దీనికి తోడు ఉద్యోగ పరీక్షలు. రాష్ట్ర పబ్లిక్ సర్వీసు కమిషను కార్యాలయము కూడ నాంపల్లిలోనే ఉండుట విధి విలాసము. తెలంగాణ ఉద్యమము, రాష్ట్రావతరణ అను అంశమునకు గ్రూపు–1 ప్రధాన పరీక్షలో ప్రత్యేకముగా ఒక పత్రమే ఉన్నది. ఆ పరీక్షలకు చదువు యువకులు ఆబిడ్సులోను కోఠిలోను గైడులు కొని, తేదీలను నాలుక చివర నిలుపుకొందురు. వారిని నిందింప నవసరము లేదు. బ్రతుకు తెరువు అది. కాని నాలుగు జవాబులలో ఒకదానికి గుర్తు పెట్టుమను ప్రశ్నకు 1295 సరియా 1289 సరియా యని ఎన్నడో ఒకనాడు తగవు వచ్చినప్పుడు, గైడును గైడుతో పోల్చి లాభము లేదు. ఎవరో ఒకరు చందుపట్ల రాతి పాఠమును తీసి చదువవలెను.

ఏడాదికి పది పాఠములు ఈ రీతిని చెప్పుట ఎవరికిని సాధ్యము కాదు. రెండు చెప్పినను చాలును. ఒక శాసనము, ఒక ఇంటి కాగితము. అరపుటకు మించని మూలము, దానికి తేటతెలుగు, క్రింద అయిదు ప్రశ్నలు—దీనిని ఒక కాగితము మీద వ్రాసి నకళ్ళు తీయించుటకు పెద్ద వ్యయము కాదు. మొదటి నాలుగు ప్రశ్నలు ఉపాధ్యాయుడు వేయవచ్చును. అయిదవదానిని ఖాళీగా విడిచి, పిల్లలనే వ్రాయుమనవలెను.

చందుపట్ల శాసనమును ఇట్లు తరగతిలో ఉంచినచో ఆ ఖాళీలో చాలమంది రాణిని గూర్చియు, యుద్ధమును గూర్చియు అడుగుదురు. ఏ వెనుక బల్ల మీదనో కూర్చున్న ఒకరు మాత్రము, ‘‘ఈ పువ్వుల ముమ్మడి ఎవరండీ?’’ అని వ్రాయవచ్చును. రాజవంశపు పట్టికలో ఆ పేరునకు చోటు లేదు. తన ఏలిక మరణించినప్పుడు తన చేతనైనంత భూమి నిచ్చి, ఆ దినమును రాతి మీద చెక్కించి పోయినాడు. ఆ ఒక్క పని వలన రుద్రమదేవి మరణ దినము నేటికి దక్కినది.